మూడు దరఖాస్తుల మనిషి

మా వీధిలో ఆయన్ని అందరూ కత్తెరాయన అంటారు. వీధి మొదట్లో, గడియారాలు బాగుచేసే కొట్టుకీ టీ కొట్టుకీ మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది ఆయన సెలూను. రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం, అద్దం కింద బల్ల, బల్ల మీద నీళ్లు చిమ్మే సీసా, పౌడరు డబ్బా, దువ్వెనలు నిలబెట్టిన గాజు గ్లాసు. వెనక గోడకి ఆనించి ఒక బెంచీ. ఆ బెంచీ మీద కూర్చునేవాళ్లలో సగం మందికి క్షవరంతో పనుండదు, కబుర్ల కోసం వస్తారు. మొదటి కుర్చీ కత్తెరాయనది. రెండో కుర్చీ దగ్గర పనిచేసే అతనికి పెళ్లయింది, ఒక బిడ్డ కూడా పుట్టింది. అయినా వీధివాళ్లకి అతను ఇప్పటికీ ‘రెండో కుర్చీ’యే.

కత్తెరాయనకి ఒక డాబు మాట ఉంది. “ఎంతటివాడైనా నా ముందు తల వంచాల్సిందే. నేను మాత్రం ఎవరి ముందూ వంచను” అంటాడు. ఒకసారి ఎవరో పెద్ద అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్లో ఎవరి మీదో విరుచుకుపడుతున్నాడు. కత్తెరాయన నడినెత్తి మీద ఒక వేలు ఆనించి, “తల వంచండి సార్” అన్నాడు. ఆ పెద్దమనిషి అవతలివాణ్ణి తిడుతూనే బుద్ధిగా వంచాడు. బెంచీ మీదున్న మేం నవ్వు ఆపుకోలేక వారపత్రికల వెనక మొహాలు దాచుకున్నాం.

డాబు మాటలోనే కాదు, నడతలోనూ ఉంది. పక్కింట్లో గ్లాసుడు పంచదార తెచ్చుకున్నా ఆ సాయంత్రానికల్లా గ్లాసు నిండా కొలిచి తిరిగి ఇచ్చేస్తే గానీ ఆయనకి నిద్ర పట్టదు. “పంచదార కోసం వాళ్లేమైనా చచ్చిపోతున్నారా?” అని భార్య నవ్వుతుంది. “వాళ్లు చావరు, నేను చస్తాను” అంటాడు.

నేను వాళ్లింటికి సరిగ్గా ఎదురింట్లో ఉంటాను. ఒక ప్రైవేటు బళ్లో లెక్కలు చెబుతాను. మా రెండిళ్లలోనూ కాపురాలు మేడ మీదే, బాల్కనీలు ఎదురెదురు. మధ్యలో వీధి ఎంత ఇరుకంటే, వాళ్లింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములొస్తాయి. కత్తెరాయన ఇంట్లో ఆయన, ఆయన భార్య, కాలేజీలో చదివే కూతురు, ఆయన అత్తగారు ఉంటారు. అత్తగారికి చెవులు సరిగా వినబడవని చెబుతారు గానీ, ఆమెకి వినబడకూడని సంగతి ఇంతవరకూ ఒక్కటి కూడా వినబడకుండా పోలేదు.

ఇలా ఉండగా మహమ్మారి వచ్చి పడింది. ముక్కూ మూతీ కట్టుకుని మనిషిని చూసి మనిషి దూరం జరిగే రోజులు. కొట్లన్నీ మూసెయ్యమన్నారు. మందుల షాపులూ కూరగాయల బళ్లూ ఉంటాయన్నారు గానీ సెలూన్లు మాత్రం ససేమిరా వద్దన్నారు. మనిషి తల పట్టుకోకుండా చేసే పని కాదాయె అది. కత్తెరాయన షట్టరు దించి, తాళం వేసి, తాళాన్ని రెండుసార్లు లాగి చూసి ఇంటికొచ్చేశాడు. మా బడి కూడా మూతబడింది. జీతం సంగతి తర్వాత చూద్దామన్నారు యాజమాన్యం వారు. ఆ ‘తర్వాత’ అనే మాటకి అర్థం నాకు బాగా తెలుసు.

రోజులు గడిచాయి. జుట్టుకి లాక్‌డౌన్ లేదు కదా, పెరగడం మొదలుపెట్టింది. వీధిలో మగవాళ్లందరం క్రమంగా ఒకే కుటుంబంలో పుట్టినవాళ్లలా తయారయ్యాం. కొందరు చాటుగా కబురు పెట్టారు. “వెనక గుమ్మంలోంచి వస్తాం, గుట్టుగా కానిచ్చెయ్” అని. కత్తెరాయన ఒప్పుకోలేదు. “మీ ఇంట్లో ముసలాళ్లున్నారు, మా ఇంట్లో మా అత్తగారుంది. ఆవిడకేమైనా అయితే మా ఆవిడ నా గొంతు నా కత్తెరతోనే కోస్తుంది” అన్నాడు.

అయితే ఊరుకోలేదు కూడా. ఒకనాటి పొద్దున్న నేను బాల్కనీలో పేపరు చదువుకుంటుంటే, ఎదురు బాల్కనీలోంచి నన్ను తేరిపార చూసి, “మాష్టారూ, ఇక చూడలేను. చెల్లెమ్మని పిలవండి” అన్నాడు. చెల్లెమ్మంటే మా ఆవిడ. ఆమె చేత కత్తెరా దువ్వెనా తెప్పించి, నన్ను ఒక పీట మీద వీపు ఆయనవైపు పెట్టి కూర్చోబెట్టించి, వీధికి అవతల నిలబడి పాఠం మొదలుపెట్టాడు.

“కత్తెర అలా గరిటెలా పట్టుకుంటే ఎలా చెల్లెమ్మా? బొటనవేలు ఒక్కటే ఆడాలి. మిగతా చెయ్యి కదలకూడదు.”

“ఇలాగా అన్నయ్యా?”

“ఆ, అలా. ఇప్పుడు దువ్వెన తలకి ఆనించి పైకి లాగు. దువ్వెన దాటి ఎంత వస్తే అంతే కొయ్యి. అత్యాశ పనికిరాదు.”

“నడినెత్తి మీద ఏం చెయ్యను? ఇక్కడ పల్చగా ఉంది.”

“అక్కడ మనం చెయ్యడానికి దేవుడేం మిగల్చలేదు. చెవుల దగ్గరికి రా. నెమ్మది. నెమ్మది. ఆగు! చెవి చెల్లెమ్మా, అది చెవి! జుట్టు కాదు!”

అప్పటికే రెండు పక్కలా బాల్కనీల్లో జనం నిండిపోయారు. ఇళ్లల్లో మగ్గిపోతున్నవాళ్లకి నా తల కాలక్షేపమైంది. పని అయ్యాక నేను లేచి తిరిగి నిలబడితే చప్పట్లు కొట్టారు. అందులో మెచ్చుకోలు ఎంతో, వెటకారం ఎంతో నాకిప్పటికీ తెలియదు. మర్నాటి నుంచి అదొక అలవాటైపోయింది. పొద్దున్నే ఎవరో ఒకరు పీట వేసుకుని కూర్చోవడం, భార్యో తల్లో అక్కో కత్తెర పట్టుకోవడం, కత్తెరాయన తన బాల్కనీలోంచి గొంతు చించుకోవడం. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ తీసుకోలేదు.

నవ్వులాటలు ఎన్నున్నా ఇల్లు గడవాలి కదా. కొట్టు అద్దె ఆగలేదు. వాళ్లావిడ కూరగాయల బండి దగ్గర బేరమాడే తీరు చూస్తే లోపల సంగతి నాకు అర్థమయ్యేది. ఇదివరకు నవ్వుతూ బేరమాడేది. ఇప్పుడు నవ్వకుండా ఆడుతోంది.

అప్పుడే ప్రభుత్వం సాయం ప్రకటించింది. మూతబడ్డ కొట్లవాళ్లకి, పని పోయిన రోజుకూలీలకి, జీతాలు ఆగిన నాలాంటివాళ్లకి, పరిస్థితి కుదుటపడేదాకా నెలనెలా కొంత సొమ్ము నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తామన్నారు. ఫోన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఫోను చేతకానివాళ్లు వార్డు ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లి చెబితే వాళ్లే రాసుకుంటారు. వీధంతా ఆ మాటే. గడియారాల ఆయన పెట్టాడు, టీ కొట్టాయన పెట్టాడు, నేనూ పెట్టాను.

కత్తెరాయన మాత్రం బాల్కనీలో నిలబడి తేల్చి చెప్పేశాడు. “నేను పెట్టను. ఈ చేతిలో కత్తెరే తప్ప చిప్ప ఎవరూ చూడలేదు.”

నాకు కొంచెం గుచ్చుకుంది. “నేను పెట్టానయ్యా. అయితే నా చేతిలో చిప్ప కనబడుతోందా నీకు?” అన్నాను.

ఆయన కంగారుపడ్డాడు. “అయ్యో, మిమ్మల్ననలేదు మాష్టారూ!”

“సబ్బు కొన్నా బ్లేడు కొన్నా పన్ను కడుతూనే ఉన్నావు ఇన్నేళ్లుగా. నీ కొట్టుకి లైసెన్సు డబ్బు కడుతున్నావు. కొట్టు మూసింది నీ సరదాకా? వాళ్లు మూసెయ్యమంటే మూశావు. మూయించినవాళ్లు తిండి పెట్టకపోతే ఎవరు పెడతారు?”

ఆయన పిట్టగోడ మీద మోచేతులు ఆనించి వీధిలోకి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు. వాళ్లింట్లో ఎవరికీ చెప్పని సంగతి.

చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో వరదొచ్చిందట. ఇల్లు మునిగిపోయింది. ఎవరో డబ్బున్నాయన లారీలో సరుకులు తెచ్చి పంచిపెట్టాడు. అందర్నీ ఎండలో వరసగా కూర్చోబెట్టారు. కదిలితే కసురుతున్నారు. వాళ్లమ్మ వంతు వచ్చేసరికి, ఫోటో తీసేవాడు సిద్ధంగా లేడని ఆమె చేతిలో పెట్టిన సంచీ వెనక్కి లాక్కున్నారట. వాడు సిద్ధమయ్యాక మళ్లీ ఇచ్చారు. “మా అమ్మ తల ఎత్తలేదు మాష్టారూ. ‘మొహం కనబడట్లేదు, ఎత్తవమ్మా’ అని అరిచారు. అయినా ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను.” అంతే చెప్పాడు.

లోపలినుంచి వాళ్లత్తగారు, “ఏమిటి అల్లుడూ గుసగుసలు? నాకు వినబడట్లేదు!” అని కేకేసింది.

ఆ సంభాషణ జరిగాక కొన్నాళ్లకి రెండో కుర్చీ వచ్చాడు. మొహానికి గుడ్డ కట్టుకుని, వీధిలో నిలబడి తల పైకెత్తి, “అన్నా!” అని పిలిచాడు. కత్తెరాయన బాల్కనీలోకి వచ్చాడు.

“ఏరా, బాగున్నారా అందరూ? బిడ్డెలా ఉంది?”

“బాగుంది అన్నా. బోర్లా పడుతోంది.”

“కత్తెరలకి నూనె రాస్తున్నావా?”

“రాస్తున్నా అన్నా. రోజూ రాస్తున్నా. నూనె అయిపోవచ్చింది.” అని నవ్వాడు. తర్వాత ఎండ గురించి మాట్లాడాడు. టీ కొట్టు ముందు పడుకునే కుక్క ఎక్కడికో పోయిందన్నాడు. అది మళ్లీ వచ్చిందన్నాడు. నేను ఇవతల బట్టలారేస్తూ వింటున్నాను.

చివరికి చెప్పాడు. “అన్నా, ఆ సాయం సంగతి కనుక్కున్నాను. షాపులో పనిచేసేవాళ్లకి రావాలంటే ముందు షాపు యజమాని పెట్టాలంట. అందులోనే మా పేరు ఎక్కాలంట. నాకు నేను పెట్టుకోవడానికి లేదంట. నువ్వు పెట్టవని తెలుసన్నా. నిన్ను పెట్టమని అడగడానికి కాదు. ఊరికే చెప్పి పోదామని వచ్చాను.”

చెప్పి, నిజంగానే వెళ్లిపోయాడు. కత్తెరాయన వాడు మలుపు తిరిగేదాకా చూశాడు. వాడు మలుపు తిరిగాక కూడా అటే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం మా మెట్ల దగ్గర దగ్గు వినబడింది. ఆ రోజుల్లో దగ్గు వినబడితే గుండె గుభేలుమనేది. తలుపు తీస్తే కత్తెరాయన. కింది మెట్టు మీద నిలబడి, మాస్కు కళ్లదాకా లాక్కుని, తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూస్తున్నాడు.

“మాష్టారూ, మీ ఫోన్లో ఆ దరఖాస్తేదో ఉందన్నారే. నా కోసం కాదు, వాడి కోసం. వాడి పేరు ఎక్కాలంటే నా పేరు లేకుండా కుదరదంటున్నారు కాబట్టి...”

“కుదరదు. నీ పేరు ముందు ఉండాల్సిందే” అన్నాను గట్టిగా, నవ్వు బయటపడకుండా.

మెట్ల మీదే, ఆయన కిందా నేను పైనా కూర్చుని పూర్తి చేశాం. వృత్తి అన్నచోట ‘సెలూన్ యజమాని’ అని రాశాను. ‘యజమాని’ అన్న మాట ఆయనకి నచ్చింది, మళ్లీ ఒకసారి చదవమన్నాడు. పనివాళ్లు అన్నచోట రెండో కుర్చీ అసలు పేరు రాయాల్సి వచ్చింది. కత్తెరాయనకి అది చప్పున గుర్తు రాలేదు. వాడికే ఫోన్ చేసి, “ఒరేయ్, నీ పేరేంట్రా?” అని అడిగాడు. అవతలివాడు ఏమనుకున్నాడో గానీ, పేరు మాత్రం చెప్పాడు.

వెళ్లేటప్పుడు, “మా ఇంట్లో తెలియకూడదు మాష్టారూ. ఇంత బీరాలు పలికి ఇప్పుడు పెట్టానంటే మా అత్తగారు నన్ను బతకనివ్వదు” అన్నాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. నాకు చెప్పకుండా ఆమె కూడా ఒక మాట దాచుకుందని నాకేం తెలుసు? ఒకే కప్పు కింద, ఒకే మనిషికి సంబంధించిన రెండు రహస్యాలు హాయిగా కాపురం చేస్తున్నాయి.

కత్తెరాయన ఇంట్లో ఫోనుకి సిగ్నలు బాల్కనీ మూలన తప్ప ఎక్కడా అందదు. పైగా ఆ ఫోన్లో స్పీకరు పెడితే తప్ప మాట వినబడదు. అందుచేత వాళ్లింటికొచ్చే ఫోన్లన్నీ వీధికి వచ్చినట్టే. ఒకరోజు పొద్దున్న, పక్కింటాయన పీట మీద సగం క్షవరంతో కూర్చుని ఉండగా, కత్తెరాయన పాఠం మధ్యలో ఫోను మోగింది.

“నమస్కారమండీ. వార్డు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను” అంది ఒక ఆడగొంతు, ఖంగుమని. “మీ పేరు మీద సాయం కోసం వచ్చిన దరఖాస్తులు పరిశీలిస్తున్నామండీ. మొత్తం మూడు వచ్చాయి.”

కత్తెరాయన మొహంలో రంగు మారింది. “మూడా?”

“మూడండీ. పేరు ఒకటే, ఇల్లు ఒకటే, ఫోను నెంబరు ఒకటే. వృత్తి మాత్రం మూడింటిలో మూడు రకాలుగా ఉంది. ఒకదాంట్లో ‘సెలూన్ యజమాని’. ఇంకోదాంట్లో ‘జుట్టు కత్తిరించుట, గడ్డం గీయుట, అడిగినచో తల మర్దన’. మూడోదాంట్లో ‘కేశ సౌందర్య నిపుణులు’. మీ ఇంట్లో ఈ పేరుతో ముగ్గురున్నారా?”

లోపలినుంచి అత్తగారు అందుకుంది. ఎవరు ఏం మాట్లాడినా వినబడని అత్తగారికి ఇది మాత్రం స్పష్టంగా వినబడింది. “ఒక్కడితోనే వేగలేక చస్తున్నాం తల్లీ, ముగ్గురెక్కడ!”

వీధిలో కిసుక్కున నవ్వారెవరో. బాల్కనీలన్నీ చెవులు రిక్కించాయి. పీట మీది పక్కింటాయన కూడా సగం తలతో ఇటు తిరిగి కూర్చున్నాడు. కత్తెరాయన అందర్నీ చూశాడు. చిప్ప సంగతి ఈ వీధి మొత్తానికీ వినబడేలా చెప్పినవాడాయె. ఆ పరువు ఆయన్ని పట్టి లాగింది.

“నేనే దరఖాస్తూ పెట్టలేదండీ” అన్నాడు.

“పెట్టలేదా? అయితే ఎవరో మీ పేరు వాడుకుని ఉంటారు. మూడూ రద్దు చేసేస్తున్నాను.”

“వద్దు!”

ఆ ‘వద్దు’ ఒక గొంతు కాదు. వంటింట్లోంచి వాళ్లావిడ గరిటెతో సహా బయటికి వచ్చింది. గదిలోంచి కూతురు పరిగెత్తుకొచ్చింది. ఇవతల బాల్కనీలోంచి నేను అరిచాను. నా పక్కన మా ఆవిడ కూడా అరిచింది. అరిచాక నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

“నీకేం సంబంధం?” అన్నాను.

“వదినతో కలిసి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లింది నేనే. మరి మీకేం సంబంధం?” అంది.

అవతల కూతురు తలవంచుకుని, “నాన్నా, ఆ కేశ సౌందర్యం నాది. ఫోన్లో పెట్టాను. నువ్వు తిడతావని చెప్పలేదు” అంది. వాళ్లావిడ ఆమెని చూసి, “నువ్వూ పెట్టావుటే? నాతో ఒక్క మాట అనొచ్చుగా! ఎండలో అంతసేపు నిలబడ్డాను!” అంది. తర్వాత మొగుడివైపు తిరిగి, “ఏమండీ, తిట్టాలనుకుంటే తర్వాత తిట్టండి. ఆవిడ రద్దు చేసేలా ఉంది” అంది.

ఫోన్లో ఆడమనిషి ఓపిగ్గా అంది. “అంటే ఒకటి భార్యగారు, ఒకటి అమ్మాయి. మరి ఆ సెలూన్ యజమాని దరఖాస్తు ఎవరు పెట్టారు?”

నేను నోరు విప్పలేదు, మాటిచ్చాను గనక. కత్తెరాయన నావైపు ఒకసారి, భార్యవైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

“అది... అది నాదేనండీ.”

వాళ్లావిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. కూతురు “నాన్నా!” అని నోరు తెరిచింది. అత్తగారు మాత్రం తాపీగా గుమ్మంలోకి వచ్చి, “ఇంతోటి దానికి ముగ్గురు మూడు దారులు తొక్కారా? నన్నడిగితే నలుగురికీ కలిపి ఒకే దారి చెప్పేదాన్నిగా!” అంది.

ఆ తర్వాత చూడాలి నవ్వులు. ముందు వాళ్లావిడ మొదలుపెట్టింది, పిట్టగోడ పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా. ఆమెని చూసి కూతురు, ఆ ఇద్దర్నీ చూసి వీధి. ఫోన్లో కూడా నవ్వు వినబడింది. “రోజంతా దొంగ దరఖాస్తులు పట్టుకోవడమే నా పనండీ. ఒకే మనిషి కోసం ఇంతమంది, ఒకళ్లకి తెలియకుండా ఒకళ్లు పెట్టింది మాత్రం ఇదే మొదటిసారి చూడటం. సరే, ఒకటి ఉంచుతాను, రెండు తీసేస్తాను. ఏది ఉంచమంటారు?”

“నాది ఉంచండమ్మా” అన్నాడు కత్తెరాయన వెంటనే. “గొప్ప కోసం కాదు. అందులో మా రెండో కుర్చీ పేరుంది. మిగతావాటిల్లో ఉండదు.”

అప్పటిదాకా నవ్వుతున్న వాళ్లావిడ నవ్వు ఆపి మొగుడివైపు చూసింది. లోపలికెళ్లి ఆయనకి టీ తెచ్చి చేతికిచ్చింది. అంతే.

పని అయిపోయిందనుకున్నాం గానీ ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. గొంతు తగ్గించి, “అన్నట్టు... మీరు జుట్టు పనిలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నానండీ. మావారికి నిన్న నేనే కత్తిరించాను. ఒక పక్క సరిపోయింది, రెండో పక్కకి వచ్చేసరికి మెట్లలా వచ్చింది. సరిచేద్దామని చూసినకొద్దీ తగ్గిపోతోంది. ఆయన గదిలోంచి బయటికి రావట్లేదు” అంది.

కత్తెరాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. నిటారుగా నిలబడ్డాడు. “ముందు కత్తెర కింద పెట్టండమ్మా. ఇంక దాన్ని ముట్టుకోకండి. మెట్లు ఎటువైపు, ఎడమా కుడా?” అని మొదలుపెట్టి, దువ్వెన ఏ వాలుగా పట్టాలో, తడి ఎంత ఉండాలో, ఎక్కడ ఆగాలో తీరిగ్గా చెప్పాడు. పీట మీది పక్కింటాయన సగం తలతో అంతసేపూ ఎదురుచూశాడు పాపం.

సొమ్ము పడిన రోజున పెద్ద హడావిడేమీ లేదు. మధ్యాహ్నం భోంచేసి కత్తెరాయన నడుం వాల్చాడట. బాల్కనీ మూల పెట్టిన ఫోను ఒకసారి కిచకిచలాడింది. కూతురు చదివి చెప్పింది. ఆయన లేచి వచ్చి, కళ్లు నులుముకుని, ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అంతేనా?” అన్నాడు.

“అంతే నాన్నా. ఏం, ఇంకేం కావాలి?”

“ఏం లేదు. ఎవరూ రారా? ఎక్కడికీ వెళ్లక్కర్లేదా?”

“అక్కర్లేదు.”

ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి నావైపు చూశాడు. “మాష్టారూ, నిద్రలో వచ్చి పడింది. నేను లేచి కూర్చోను కూడా లేదు” అన్నాడు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఉన్నది ఆశ్చర్యమో, మరేదో నేను చెప్పలేను. ఆ సాయంత్రం మాత్రం వాళ్లావిడనీ కూతుర్నీ కూర్చోబెట్టి వరద సంగతి, వాళ్లమ్మ సంగతి చెప్పాడని తర్వాత తెలిసింది. విన్నాక కూతురు, ఆ నానమ్మ ఫోటో ఒక్కటైనా ఉందా అని అడిగిందట. లేదన్నాడట. మనిషెలా ఉండేదో చెప్పమంటే, చాలాసేపు చెబుతూ కూర్చున్నాడట.

ఆయన ఫోను మోగిన కాసేపటికే వీధి చివర్నుంచి రెండో కుర్చీ పరుగెత్తుకొచ్చాడు. మాస్కు గడ్డం కిందికి జారిపోయింది. ఫోను పైకెత్తి చూపిస్తూ, “అన్నా! పడింది! పడిందన్నా!” అని అరుస్తున్నాడు.

“మూతి కప్పుకోరా ముందు!” అని కసిరాడు కత్తెరాయన. కసరడం కసిరాడు గానీ, వాడు వెళ్లేదాకా మీసాల కింద నవ్వు దాగలేదు.

ఆ సొమ్ము పెట్టి రాజభోగాలేమీ అనుభవించలేదు వాళ్లు. కొట్టు అద్దె కట్టారు. కూతురికి ఫోన్లో పాఠాలు వినడానికి వీలయింది. అత్తగారి కళ్లజోడు కాడ విరిగిపోయి దారంతో కట్టుకుంటోంది, అది మార్పించారు. కొత్త కళ్లజోడు పెట్టుకుని ఆవిడ అల్లుణ్ణి పరిశీలనగా చూసి, “నువ్వు ఇంత నల్లగా ఉంటావా అల్లుడూ? ఇన్నాళ్లూ తెలియలేదు” అంది. వాళ్లావిడ మళ్లీ కూరగాయల బండి దగ్గర నవ్వుతూ బేరమాడటం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూశాక మా వీధిలో ఏదో సర్దుకుందని నాకనిపించింది.

ఆఖరికి సెలూన్లు తెరవొచ్చన్నారు. ఆ రోజు పొద్దున్న ఆయన షట్టరు ఎత్తేసరికి వీధిలో సగం మంది మగాళ్లు దూరం దూరంగా నిలబడి ఉన్నారు. కత్తెరాయనా రెండో కుర్చీ ఇద్దరూ మొహానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం పెట్టుకుని, ఏదో ఆపరేషనుకి సిద్ధమైనట్టు నిలబడ్డారు. ఒక్కొక్కళ్లనీ కుర్చీలో కూర్చోబెట్టడం, తల అటూ ఇటూ తిప్పడం, “ఇది తల్లి చెయ్యి. ఇదిగో, ఇది భార్య చెయ్యి, కోపంగా ఉన్నప్పుడు కోసింది. ఇది ఎవరి చెయ్యీ కాదు, నువ్వే అద్దంలో చూసుకుంటూ కోసుకున్నావు, నిజం చెప్పు” అనడం. ఒక్కటి కూడా తప్పలేదు. నా తల పట్టుకుని మాత్రం కాసేపు ఆలోచించి, “పరవాలేదు. చెల్లెమ్మకి చెయ్యి తిరుగుతోంది” అన్నాడు. ఇంటికెళ్లి ఆ మాట చెబితే మా ఆవిడ ఆ రోజంతా నేలమీద నడవలేదు.

కొట్టు తెరిచాక కూడా ఒకటి రెండు నెలలు సాయం వచ్చింది, గిరాకీ నిలదొక్కుకునేదాకా. తర్వాత ఒక మధ్యాహ్నం నేను బెంచీ మీద కూర్చుని వారపత్రిక తిరగేస్తుంటే, బల్ల మీదున్న ఆయన ఫోను మోగింది. చేతులు సబ్బు నురగతో ఉన్నాయని నన్ను చదవమన్నాడు. సహాయ పథకం ఈ నెలతో ముగిసిందని, మీ వ్యాపారం చల్లగా సాగాలని కోరుకుంటున్నామని ఉంది.

కత్తెరాయన చేతులు తుడుచుకుని, ఫోను తీసుకుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఏదో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. కుర్చీలో ఉన్న కుర్రాడు మొహం నిండా నురగతో అద్దంలోంచి చూస్తున్నాడు.

“ఏం రాస్తున్నావు?” అన్నాను.

“థాంక్స్ అని. మేమంతా బాగున్నాం, మా రెండో కుర్చీ కూడా బాగున్నాడు, ఆ వార్డు ఆఫీసు ఆవిడ గారి ఆయన జుట్టు పెరిగిందనుకుంటాను, ఈసారి ఇటు పంపించమనండి అని.”

“అది కంప్యూటరు పంపే మెసేజయ్యా. జవాబిస్తే అక్కడ చదివేవాళ్లెవరూ ఉండరు” అన్నాను.

“చదవకపోతే పోనీండి మాష్టారూ” అని, చివరి అక్షరం నొక్కి, పంపించేసి, ఫోను జేబులో వేసుకుని, కత్తి అందుకుని ఆ కుర్రాడి గడ్డం దగ్గర పని మొదలుపెట్టాడు.